ఎద్దునీ దున్ననీ ఒకే కాడికి కట్టిన మేనేజరు

అడవి అయిపోయి ఊరు ఇంకా మొదలుకాని చోట ఎలుగుబంటి షావుకారుకి ఒక బెల్లం ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. నాలుగైదు చెరకు గానుగలు, వాటిని తిప్పే ఎద్దులూ దున్నలూ, చెరకు అందించే కోతులు, రసం కాగే పెనాలు, అందరి మీదా అరిచే నక్క మేనేజరు. షావుకారు తేనెపట్ల వేటలో పడి అటువైపు ఎప్పుడోగాని వచ్చేవాడు కాదు. ఇంకేం, నక్క ఆడింది ఆట, పాడింది పాట.

మైలయ్య అక్కడ దాపటి ఎద్దు. అంటే కాడికి ఎడమపక్క నడిచేవాడు. కుడిపక్క, అదే వలపట, బొల్లయ్య. కోడెగా ఉన్నప్పుడు ఏ పక్క అలవాటు చేస్తే ఎద్దు ముసలిదయ్యేదాకా ఆ పక్కే నడుస్తుంది. వీళ్ళిద్దరూ గానుగ చుట్టూ తిరుగుతూ కబుర్లు చెప్పుకునేవారు. చెప్పేది బొల్లయ్య, ఊఁ కొట్టేది మైలయ్య. ఊఁ కొట్టినప్పుడల్లా ఒక అడుగు పడేది.

ఆ రోజు బొల్లయ్య మంచి పట్టులో ఉన్నాడు. "మునసబుగారు తలపాగా తీసి గడ్డివాము మీద పెట్టి కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళాడా? నేనప్పటికి దూడని. కడుపు కాలిపోతంది బావా. గడ్డేదో తలపాగా ఏదో చూసుకోలేదు. ఒక్క లాగు లాగేసరికి..."

"ఆపండి!" అని నక్క అరిచాడు. "నోరు ఆడుతుంటే కాళ్ళు ఎలా ఆడతాయి? మాటలు తగ్గితే బెల్లం పెరుగుతుంది. ఈ పూట నుంచి జతలన్నీ మార్చేస్తున్నా!"

కోతులు బొల్లయ్యని అవతలి గానుగకి తోలేశాయి. మైలయ్యని తీసుకొచ్చి వలపట కట్టి, దాపట పోతయ్య అనే దున్నపోతుని కట్టాయి. ఎద్దు ఎండకి లాగితే దున్న నీడకి లాగుతుందని ఊళ్ళో ఏ ముసలమ్మని అడిగినా చెబుతుంది. మేనేజర్లు ముసలమ్మల్ని అడగరు కదా.

పోతయ్య చెడ్డవాడు కాదు. బురదగుంట తప్ప వేరే ధ్యాస లేనివాడు, అంతే. "ఏటి మైలయ్య మావా, ఎందుకా పరుగు? గానుగ ఎక్కడికైనా పోతాదేటి?" అనేవాడు.

మైలయ్య తన కాళ్ళ వంక చూసుకునేవాడు. తాను పరిగెడుతున్నాడా, పోతయ్య పాకుతున్నాడా? ఈ కాలు ఎత్తాలనుకుంటే ఆ కాలు లేచేది. కొన్నాళ్ళకి కాడి విప్పాక కూడా కుడితితొట్టి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నీళ్ళు తాగాడో లేదో గుర్తులేక మళ్ళీ తాగేవాడు. నెమరు వేస్తూ వేస్తూ మధ్యలో ఆగిపోయేవాడు. ఒంట్లో నొప్పి లేదు, జ్వరం లేదు. మరి ఏమైనట్టు? అది తెలియకపోవడమే అతనికి భయంగా ఉండేది. ఒక్క లాగు లాగేసరికి ఏమైంది అన్న సగం కథ మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉండేది.

బెల్లం పెరగలేదు సరికదా, తగ్గింది. ఈసారి తికమకపడటం నక్క వంతు. తిండి పెడుతున్నాడు, కబుర్లు మాన్పించాడు, ఇంకేం కావాలి? ఇది ఒంటి జబ్బు కాదు, మనసు జబ్బు అని తేల్చేసి చెరువు నుంచి కొంగస్వామిని పిలిపించాడు. ఒంటికాలి మీద నిలబడి మనసు కుదుర్చుకోవడంలో ఆ స్వామిని మించినవాళ్ళు లేరని చేపలు చెప్పుకునేవి. అలా చెప్పుకున్న చేపలు తర్వాత కనబడేవి కావు.

"నాయనా, కాలు పైకెత్తు. కళ్ళు మూసుకో. అంతా బాగానే ఉందనుకో," అన్నాడు కొంగస్వామి.

"ఏ కాలండీ? నాకు నాలుగున్నాయి," అన్నాడు మైలయ్య.

స్వామి కాసేపు ఆలోచించాడు. "అయితే మూడు ఎత్తు."

మైలయ్య నమ్మాడు. ఎత్తబోయి చెరకుపిప్పి కుప్పలో బోర్లా పడ్డాడు. "మనసు నిలవడం లేదు, చూశారా!" అని స్వామి పెదవి విరిచాడు.

రోజూ సాయంత్రం నక్క వరసగా అందర్నీ నిలబెట్టి "సంతోషంగా ఉన్నారా?" అని అడిగేవాడు. మొదటిరోజు ఒక ఎద్దు లేనంటే దాని తవుడు ఆగిపోయింది. మర్నాటి నుంచి అందరూ "ఉన్నామండీ!" అని గొంతు చించుకున్నారు. మైలయ్య కూడా అనేవాడు. అన్నాక ఆలోచనలో పడేవాడు. ఉన్నానేమో, నాకే తెలీడం లేదేమో అనుకునేవాడు పాపం.

"అందరూ సంతోషంగానే ఉన్నారు, బెల్లమే లేదు!" అని నక్క మీసాలు పీక్కున్నాడు. చివరికి తప్పు ఎవరి మీదో ఒకరి మీద పడాలి కాబట్టి మైలయ్య మీద పడింది. "వీడి పిచ్చే అందరికీ అంటుతోంది. వచ్చే సంతకి తోలేస్తా."

సంతకి వెళ్ళిన పశువు తిరిగొచ్చిన దాఖలా లేదు. అందరూ తల దించుకున్నారు. మైలయ్య మాత్రం అయోమయంగా చూసి, "సంతలో నన్ను ఏ పక్క కడతారండీ?" అని అడిగాడు. ఆ మాటకి పోతయ్యంతటి పోతయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

బొల్లయ్య మాత్రం ఏడవలేదు. తిన్నగా నక్క ముందుకి వెళ్ళి నాలుగు కాళ్ళూ బార్లా చాపి కూలబడ్డాడు.

"అయ్యగారూ, నాక్కూడా అంటేసిందండీ. కాలేదో తోకేదో తెలీట్లేదు."

"నీకూనా!"

"అవునండీ. మంచోళ్ళకి అంటకముందే మా ఇద్దర్నీ ఆ మూల పాత గానుగకి కట్టి పారేయండి. సంతదాకా పిచ్చోడికి పిచ్చోడు తోడు. ఒక్కటే మనవి బాబూ, నన్ను వలపట మాత్రం కట్టకండి. ఆ పక్క గాలి నాకు పడదు."

నక్కకి ఒళ్ళు మండింది. "ఎద్దు చెప్పినట్టు మేనేజరు వినాలా? వలపటే కట్టండిరా వీణ్ణి!"

బొల్లయ్య ఏడుపుమొహం పెట్టి కాడి కిందికి దూరాడు. పక్కన మైలయ్య కొయ్యబారి నిలబడి ఉన్నాడు. ధైర్యంగా ఉండమని గాని, అంతా బాగానే ఉందని గాని బొల్లయ్య అనలేదు. "ఎక్కడిదాకా చెప్పాను బావా?" అన్నాడు.

మైలయ్యకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. "తలపాగా... ఒక్క లాగు లాగేసరికి..."

"ఆఁ, లాగేసరికి సగం నా గొంతులో దిగింది. మిగతా సగం పట్టుకుని మునసబుగారు నా వెనక, ఆయన వెనక ఊరు!"

"ఊఁ," అన్నాడు మైలయ్య. ఒక అడుగు పడింది. "ఊఁ." ఇంకో అడుగు. నవ్వొచ్చింది. గానుగ తిరుగుతున్న సంగతే అతనికి తెలీలేదు. "నాకు పిచ్చెక్కిందనుకున్నా బావా," అన్నాడు చాలాసేపటికి.

"తెలుసు. నడు," అన్నాడు బొల్లయ్య.

సంత ఇంకా రాకముందే షావుకారు ఊడిపడ్డాడు. అన్ని గానుగల కిందా కుండలు వెలితిగా ఉన్నాయి. మూల గానుగ కింద కుండ పొంగి నేలంతా తడిసింది. ఎలుగుబంటి ఆ రసం నాకి చూశాడు. "ఇది ఎవరి గానుగ?"

"పిచ్చోళ్ళదండీ," అన్నాడు నక్క.

"మరి అవి?"

"సంతోషంగా ఉన్నవాళ్ళవండీ."

షావుకారు బుర్ర గోక్కున్నాడు. "అయితే నాకు పిచ్చోళ్ళే కావాలి. ఎవరి జత వాళ్ళకి కట్టండి. నువ్వూ మీ స్వామీ కూడా జత బాగానే కుదిరారు. మీకూ ఒక గానుగ ఇస్తా."

మైలయ్య ఒక్కరోజులో బాగుపడలేదు. ఇప్పటికీ ఒక్కోసారి తొట్టి చుట్టూ తిరుగుతాడు. అప్పుడు బొల్లయ్య కూడా పక్కనే తిరుగుతాడు. అలా తిరుగుతూ ఒక సాయంత్రం నక్క గానుగ దగ్గర ఆగారు. నక్క ముందుకి లాగుతుంటే, కొంగస్వామి ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"సంతోషంగా ఉన్నారా మేనేజరుగారూ?" అని మైలయ్య అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ఉన్నానని చెప్పబోయి నక్క నోరు తెరిచాడు. కొంగ వంక చూశాడు. "ఏమో మైలయ్యా, నాకే తెలీడం లేదు," అన్నాడు.

కాడి మోసేది మెడే అయినా, గానుగ తిప్పేది మనసు.