ఏదో ఒక రోజు తెరిచే తలుపు

అనగనగా ఒక రాజు, పేరు శూరభూపతి. ఊఁ కొట్టండి మరి, కొట్టకపోతే కథ ఇక్కడే కూలబడుతుంది. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఎవరేం చెప్పినా నమ్మేవాడు. రెండోవాడు అన్నయ్య నమ్మిందల్లా నమ్మేవాడు. మూడోవాడు మణిధరుడు మాత్రం కన్నతల్లి కలిపిపెట్టిన ముద్దను కూడా విప్పి చూసుకుని తినేవాడు. "వీడికి తన నీడ మీద కూడా అనుమానమే" అని అంతఃపురంలో అందరూ నవ్వుకునేవారు.

మేనమామ కూతురు కువలయినిని మణిధరుడికే ఇవ్వాలని పెద్దలు అనుకున్నారు. తీరా ముహూర్తం పెట్టుకున్నాక ధూమకంఠుడనే మాంత్రికుడు ఆ పిల్లను ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల రాతికోటలో పెట్టాడు. పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇక మణిధరుడు బయల్దేరాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు "ఎక్కు నాయనా, దాటిస్తాను" అంది.

"నడిమధ్యలో ముంచవు గదా?"

"ముంచను."

రెండో సముద్రంలో మళ్ళీ అడిగాడు. మూడో సముద్రంలో మళ్ళీ అడిగాడు. నాలుగో దాంట్లో తాబేలుకి ఒళ్ళు మండింది. "ముంచేదాన్నయితే మొదట్లోనే ముంచేదాన్ని. నోరు మూసుకుని ఈ సంగతి విను. ఆ ధూమకంఠుడి ప్రాణం బురుజు మీది పంజరంలోని చిలకలో ఉంది. వాడు ఇచ్చిన మాట అబద్ధమని ఎవరైనా రుజువు చేస్తే చిలక చస్తుంది. రుజువు లేకుండా అబద్ధమన్నవాడు రాయైపోతాడు" అంది.

కోట ముందు రాళ్ళయిపోయిన రాకుమారులు ఎందరో నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య అన్నలిద్దరూ గడ్డాలు పెరిగి చతికిలబడి ఉన్నారు.

"ఇక్కడేం చేస్తున్నారన్నయ్యా?"

"మాంత్రికుడు తలుపు తెరుస్తాడనిరా" అన్నాడు పెద్దన్న. "అదుగో, కోట గుమ్మం మీద ఇత్తడి ఏనుగు, సింహం, నెమలి. రోజూ పొద్దు పొడవగానే అవి దిక్కు మార్చుకుంటాయి. మూడూ ఒకేసారి తూర్పుకు తిరిగిన రోజు కువలయినిని పంపిస్తానని మాటిచ్చాడు. ఏదో ఒక రోజు తిరుగుతాయట."

"ఏ రోజు?"

"ఏదో ఒక రోజురా! అంత తొందరేం?"

మణిధరుడు ఆ మాటను తిరగేసి చూశాడు. ఎంత గడుసు మాట! రేపు కాకపోతే ఎల్లుండి, ఎల్లుండి కాకపోతే ఆ మర్నాడు. అది అబద్ధమని తేలాలంటే కాలమంతా అయిపోవాలి. వాడి ప్రాణానికి ఇంతకన్నా గట్టి కోట లేదు.

ఇంతలో ధూమకంఠుడే నవ్వుతూ వచ్చాడు, చేతిలో పాయసం గిన్నెతో. మణిధరుడు గిన్నె ముట్టలేదు, ప్రశ్నలడిగాడు.

"ఈ బొమ్మలు నాలుగు దిక్కులు కాక ఇంకెటైనా చూస్తాయా?"

"చూడవు."

"చేత్తో తిప్పేవాళ్ళున్నారా?"

"లేరు. నేను తిప్పను, ఇంకెవరూ తిప్పరు."

"మరి రేపెటు తిరగాలో వాటికెలా తెలుస్తుంది?"

మాంత్రికుడు మీసం దువ్వాడు. "అదే నా పనితనం! ఇవాళ మూడూ ఎటు చూస్తున్నాయో దాన్నిబట్టే రేపు తిరుగుతాయి. ఇంక దేనితోనూ వాటికి పని లేదు. ఇది నా మాట."

పై కిటికీలోంచి కువలయిని కేక వేసింది. "బావా! వచ్చావా!"

"నువ్వు కువలయినివేనని ఏమిటి నమ్మకం?"

"నేనిచ్చిన మామిడిపండు ముందు కుక్కకి పెట్టి, అది బతికాక తిన్నావు. ఇంకా చెప్పమంటావా?"

అన్నలు పకపకా నవ్వారు. మణిధరుడి చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఇసుకలో మూడు గవ్వలు పెట్టేవాడు. ఏనుగు ఎటు చూస్తే ఒక గవ్వ అటు, సింహం ఎటు చూస్తే ఒకటి అటు, నెమలి ఎటు చూస్తే ఒకటి అటు. వరస కింద వరస పెరిగింది. అలలు రాకుండా తాబేలు అడ్డంగా పడుకునేది. ఒకనాడు పొద్దున కొత్త వరస పెట్టి వెనక్కి చూస్తే, అచ్చం అలాంటిదే పాత వరసొకటి కనబడింది. ఎవరైనా గవ్వలు కదిపారేమోనని అతని అనుమానం. మర్నాడు చూశాడు, ఆ పాత వరస తర్వాతి వరసే వచ్చింది. మూడోనాడూ అంతే.

ఇక చెప్పాలి. చెప్పబోయి, గవ్వలను మళ్ళీ మొదటి నుంచి చూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాటైనా అనుమానం లేకుండా అన్నవాడు కాదాయె. తప్పయితే తనూ రాయి, ఆ పిల్ల బతుకు కిటికీలోనే.

"రేపొక్కరోజు ఆగరాదూ? రేపే తిరుగుతాయేమో" అన్నాడు మాంత్రికుడు తీయగా.

"చూడాల్సిందంతా చూశావు బావా! చెప్పు!" అని అరిచింది కువలయిని.

"నీ మాట అబద్ధం" అన్నాడు మణిధరుడు. అనగానే పాదాలు రాయైపోయాయి. అయినా ఆపలేదు. "ఇవాళ్టి తీరు ఇదుగో, ఈ పాత వరస తీరే. ఇవాళ్టినిబట్టే రేపు అన్నావు గనక రేపు దాని తర్వాతి వరసే వస్తుంది." మోకాళ్ళు రాయయ్యాయి. "ఎల్లుండి ఆ తర్వాతిది. అలా తిరిగి తిరిగి మళ్ళీ ఇక్కడికే. గానుగెద్దు ఎంత నడిచినా ఊరు చేరదు." నడుము రాయైంది. "ఈ చుట్టులో మూడూ తూర్పు చూసిన వరస ఒక్కటీ లేదు. కాబట్టి ఎన్నటికీ రాదు!"

రాయి అక్కడితో ఆగింది. మాంత్రికుడి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "రేపు నేనే చేత్తో తిప్పుతాను!" అన్నాడు.

"తిప్పు. అప్పుడు ఎవరూ తిప్పరన్న మాట అబద్ధం. తిప్పకపోతే ఏదో ఒక రోజన్న మాట అబద్ధం."

బురుజు మీద చిలక కీచుమని ఒరిగిపోయింది. ధూమకంఠుడు నిలుచున్నచోటే కూలాడు. తలుపులు తెరుచుకున్నాయి. రాళ్ళు మనుషులయ్యారు. కువలయిని మెట్లన్నీ పరుగున దిగి వచ్చి, బావ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. మణిధరుడూ ఏడ్చాడు.

పెళ్ళిపీటల మీద తాళి చేతిలోకి తీసుకుని కూడా అతను ఆగాడు. "నన్ను ఎప్పటికీ విడవవు గదా?"

పురోహితుడు మంత్రం మింగేశాడు. కువలయిని మాత్రం తడుముకోలేదు. "ఎప్పటికీ అన్న మాట నేనివ్వను బావా. ఇవాళ విడవను. ఏ రోజు విడవకుండా ఉన్నానో, ఆ మర్నాడూ విడవను. చాలా?"

మణిధరుడు వేళ్ళు మడిచాడు. ఇవాళ విడవదు. అంటే రేపు విడవదు. రేపు విడవకపోతే ఎల్లుండీ విడవదు. వేళ్ళు అయిపోయినా లెక్క ఆగలేదు.

"అంటే ఎప్పటికీ అనేగా!"

"అది నువ్వన్నావు, నేననలేదు" అని ఆమె తల వంచింది. అతను తాళి కట్టాడు. ఆ ఇద్దరూ చాలా కాలం చల్లగా రాజ్యం ఏలారు, ఒక్కో రోజు చొప్పున.