ఆగిపోయిన కథకి ఊ

పేరిందేవమ్మ గారిని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పరు. కథ చెబుతారు. అదీ ఎదుటివాళ్లు ఊ కొడితేనే. బడిలో పనిచేసిన రోజుల్లోనూ అంతే, ఇంటిపట్టున ఉంటున్న ఈ రోజుల్లోనూ అంతే.

ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దుకున్న సువర్చల ఇప్పుడు డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లలు రాసిన వ్యాసాల కట్ట చంకనబెట్టుకుని వచ్చి, వసారాలో చాప మీద చతికిలబడింది. ముఖంలో కళ లేదు.

“టీచరుగారూ, ఇంత చదువు చదివే పిల్లలకి నాలుగు ముక్కలు బాగా రాద్దామని ఎందుకుండదండీ? ఎవరిది చూసినా అదే సోది. వ్యాసాల క్లాసు తీసేసి ఆ గంట కంప్యూటరుకి ఇచ్చేద్దామంటున్నారు ప్రిన్సిపాలుగారు. రేపు నా మాట చెప్పాలి. ఇచ్చేయండి అనేద్దామనుకుంటున్నాను.”

ఆ గంట కోసం సువర్చల ఎంతమందితో పోట్లాడిందో పేరిందేవమ్మ గారికి తెలుసు. చిక్కుడుకాయల చేట ముందుకు లాక్కున్నారు.

“కథ చెబుతాను, ఊ కొట్టు.”

“మీరు చెబుతూ ఉండండి, ఇవి దిద్దుకుంటూ వింటాను” అని సువర్చల ఎర్ర పెన్ను తీసింది.

“అనగనగా ఒక రాజు వేటకెళ్లాడు.”

“ఊ.”

“దారిలో ఏరు అడ్డమొచ్చింది.”

“ఊ.”

“ఆ ఏటిని చుట్టచుట్టి తలపాగాలో దోపుకున్నాడు.”

“ఊ.”

“అవతలి గట్టున చేపలు చెట్టెక్కి, రాజుగారికి పకోడీలు వేసి పెట్టాయి.”

“ఊ.”

పేరిందేవమ్మ గారు కథ ఆపేశారు. చిక్కుడుకాయలకి నార తీసుకుంటూ కూర్చున్నారు. సువర్చల కాగితం తిప్పింది, టిక్కు పెట్టింది, “ఊ” అంది. మరో కాగితం తిప్పి, “ఊ, తర్వాత?” అంది.

“ఇంకా తర్వాతేమిటే? నేను ఎప్పుడో ఆపేశాను. నువ్వు బాగానే కొడుతున్నావు కదా, మధ్యలో నేనెందుకులే అని.”

సువర్చల నాలిక్కరుచుకుంది. టీచరుగారు కొంగుకి చేతులు తుడుచుకుని, దిద్దేసిన కాగితాల్లోంచి ఒకటి లాగారు. నీటి పొదుపు మీద అంజిబాబు అనే కుర్రాడు రాసింది. మొదటి పేజీ అంతా అందరూ రాసేదే. రెండో పేజీ సగంలో ఆవిడ కళ్లజోడు సర్దుకుని, గొంతు పెంచి చదివారు.

“‘మేడమ్, ఇక్కడిదాకా వస్తే మీకొక కబురు. తెల్లారగట్ల మా గేదె ఈనింది. పెయ్యదూడ. నుదుటి మీద తెల్లమచ్చ ఉంది. ముగ్గుపిండి అంటుకుందనుకుని మా చెల్లి తడిగుడ్డ పెట్టి తెగ తుడుస్తోంది. దూడ కూడా, ఇదేదో పుట్టినవాళ్లందరికీ చేస్తారు కాబోలని బుద్ధిగా నిలబడింది.’”

పక్కనే చక్కగా ఎర్ర టిక్కు ఉంది.

సువర్చల ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. ఆ తర్వాత పొంగుకొచ్చిన నవ్వు ఎంత ఆపుకున్నా ఆగలేదు. కాగితం అందుకుని, ఆ నాలుగు ముక్కలూ మళ్లీ తనే చదువుకుంది. 

“ఎంత బాగా రాశాడండీ” అంది కళ్లు తుడుచుకుంటూ. “మరి రేపు ప్రిన్సిపాలుగారికి ఏం చెప్పను?”

“ఆయన సంగతి తర్వాత చూసుకోవచ్చు” అన్నారు పేరిందేవమ్మ గారు, చేట మళ్లీ దగ్గరికి లాక్కుంటూ. “ముందు ఆ పిల్లాణ్ణి అడుగు, దూడకి ఏం పేరు పెట్టారో.”