ఆషాఢంలో ఇప్పపువ్వు

ఏటి అవతలి అడవి తగలబడినప్పుడు గున్నమ్మ అనే ఎలుగుబంటి తన పిల్లను వీపున వేసుకుని ఏరు దాటి వచ్చేసింది. ఇవతలి అడవిలో ఏం తక్కువ చెప్పండి? పుట్టల నిండా చెదలు, కొమ్మకొక తేనెపట్టు, కాళ్ళకింద దొర్లే మేడిపళ్ళు. ఒక్క ఇప్పచెట్టే లేదు. ఇంకేముంది, ఏది నోట్లో పెట్టుకున్నా మా ఇప్పపువ్వు ముందు ఇదెంత అని నిట్టూర్పే. వినీ వినీ కోతులు ఆమె కనబడితే కొమ్మ మారేవి. ఓపిగ్గా విన్నవాడు ఒక్కడే, నక్క పరంధామం.

వాడికి ఆ దిగులుతో పనుంది మరి. ఎలుగు పిల్లను చిరుతపులికి అప్పగిస్తానని చెప్పి, బదులుగా చిరుత వేటలో మిగిలిందంతా తనకేనని మాట పుచ్చుకున్నాడు. అయితే తల్లి పిల్లను వీపు దించితే కదా.

ఆషాఢంలో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, పరంధామం మోదుగాకు పొట్లం తెచ్చి ఆమె గుహ ముందు విప్పాడు. నాలుగు ఇప్పపూలు. వాసన తగలగానే గున్నమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నాలుగూ ఒక్కసారే నోట్లో వేసుకుంది.

"ఎక్కడివి తమ్ముడూ?"

"రెండో లోయ అవతల చెట్టుందక్కా. పూలతో విరగబడి ఉంది. పోయి కడుపారా తినిరా."

పిల్లను మాత్రం వెంట తీసుకెళ్ళొద్దన్నాడు. వానకు బండలు జారుతున్నాయట, తను కాపలా ఉంటాడట. పాడు నాలుక, ఎంత పని చేసింది! ఏనాడూ పిల్లను వదలని తల్లి గుహలో దించేసి బయల్దేరింది.

మొదటి లోయ దిగుతుంటే వానచినుకు టప్పున ముక్కుమీద పడింది. గున్నమ్మ ఆగిపోయింది. ఇప్పపువ్వు రాలేది చైత్రం ఎండల్లో. ఆషాఢానికి చెట్టున ఉండేవి కాయలు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసిన సంగతి ఎలా మరిచిపోయింది? నోట్లో మిగిలిన తీపికి ఇప్పుడు పొయ్యి పొగ వాసన తగిలింది. ఎవరో గుడిసెలో ఎండబెట్టి దాచుకున్న పువ్వది. అంటే చెట్టే లేదు. మరి తనను ఇంతదూరం ఎందుకు పంపినట్టు?

పడుతూ లేస్తూ వెనక్కి పరుగెత్తింది.

గుహ ముందు నక్క లేదు. పిల్ల లోపల మూలుగుతోంది. ఎత్తుకుని పారిపోదామంటే అప్పటికే కింద పొదలు కదులుతున్నాయి. పిల్లను వెనక్కి నెట్టి, గుహ చీకట్లో ఊపిరి బిగబట్టి కూర్చుంది. పిల్ల మూలుగు ఆపలేదు. ఆమె ఆపించనూ లేదు.

"తల్లి ఈపాటికి రెండో లోయలో ఉంటుంది దొరా," బయట పరంధామం గొంతు. "వినండి, ఒంటరిగా ఎలా ఏడుస్తోందో."

చిరుత తల లోపలికి దూర్చింది. గున్నమ్మ పంజా దాని మొహం మీద నిలువునా దిగింది. చిరుత గావుకేక పెట్టి బయటపడి, నెత్తురు కారుతున్న కళ్ళతో నక్కవైపు తిరిగింది.

"నన్నే ఎలుగుకు అప్పగిద్దామనుకున్నావట్రా?"

పరంధామం సంజాయిషీ ఇవ్వడానికి ఆగలేదు. ఏట్లో దూకి, ఆ కాలిన అడవిలో తేలాడు. ఇటు తిరిగి చూస్తే చిరుత కాచుకుని ఉంది. ఇప్పుడక్కడ కనబడ్డవాళ్ళందర్నీ నిలబెట్టి, మా వాగు ఎండ్రకాయల రుచి మీకేం తెలుసని చెప్పుకుంటున్నాడట. ఆగి వినేవాళ్ళు లేరు.

సొంతచోటి రుచి చూపించి పిలిచేవాడి మాట నమ్మే ముందు, అది ఏ కాలంలో దొరికే రుచో గుర్తు చేసుకోవాలి.