ఏనుగు అడిగిన ఆరో మోపు

ఇప్పలకోన అనే అడవిలో ఎలుగులు, కణుజులు, ముళ్లపందులు, కుందేళ్లు, లెక్కలేనన్ని పిట్టలు ఉండేవి. ఏనుగు మాత్రం ఒక్కటే ఉండేది. దాని పేరు భూమయ్య.

దారికి అడ్డంగా చెట్టు కూలినా, గుహ ముందుకు బండ దొర్లినా అందరూ భూమయ్య దగ్గరికే పరుగెత్తేవారు. అతని కూలి గంటకు ఒక మోపు పచ్చగడ్డి. గంట అయిందని తెలిసేదెలాగంటే, ఎండిన మద్దిమాను మీద వడ్రంగిపిట్ట గంటకోసారి టకటకమని కొట్టేది.

ఆ ధర భూమయ్య ఊరికే పెట్టలేదు. పని చేస్తూ గంటలో తనెంత తింటాడో ఒకనాడు జాగ్రత్తగా చూసుకున్నాడు. సరిగ్గా అర మోపు తిన్నాడు.

"అర మోపు తింటాను, ఒక మోపు పుచ్చుకుంటాను. సగానికి సగం లాభం!" అని తొండం ఊపుతూ చెప్పుకునేవాడు.

"లెక్కల్లో నీ తర్వాతే బావా, ఎవరైనా!" అంటూ ఎలుగు గుబురయ్య మునగచెట్టు ఎక్కించేవాడు. అంత బరువున్న భూమయ్య ఆ చెట్టు మాత్రం ఎంత సులువుగా ఎక్కేవాడో!

కూలి చవక కాబట్టి అవసరం ఉన్నవాళ్లూ పిలిచారు, లేనివాళ్లూ పిలిచారు. ముళ్లపంది తను ఎండ కాచుకునే రాయిని పొద్దున ఇటు, సాయంత్రం అటు జరిపించుకునేది.

ఇవన్నీ ఒక ఎత్తు, వేసవిలో భూమయ్య చేసే పని ఒక ఎత్తు. ఏటా ఎండలు ముదిరేసరికి వాగు ఎండిపోయేది. అప్పుడు భూమయ్య ఇసుకలో ఛాతీ లోతు చెలమ తవ్వి నీళ్లు పైకి తెచ్చేవాడు. అంత లోతు తవ్వడం ఇంకెవరి వల్లా కాదు. అడవి అంతా ఆ నీళ్లతోనే వానలదాకా ప్రాణాలు నిలుపుకునేది.

ఆ ఏడు చలికాలం సగానికి వచ్చేసరికి భూమయ్య డొక్కలు తేలాయి. ఎప్పుడూ అతని వీపు మీదే తిరిగే గోరింక రవణమ్మ ఒకరోజు అననే అంది. "మామా, నీ వెన్నెముక నా కాళ్లకు గుచ్చుకుంటోంది."

"నాకేమే, కొండలాంటి ఒళ్లు!" అని భూమయ్య నవ్వేశాడు.

మర్నాడు గుబురయ్య గుహ ముందు కూలిన నల్లమద్ది మానును లాగుతుంటే ఆ కొండ కాస్తా ఒరిగింది. భూమయ్య దబ్బున కూలబడ్డాడు.

"బావా, ఇంకా గంట కాలేదు కదా!" అన్నాడు గుబురయ్య.

ఆ మాటకు భూమయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎలాగో లేచి, వెదురుపొద చాటుకు వెళ్లి నిలబడ్డాడు. "రవణమ్మా, లాభం వస్తుంటే నేనెందుకే చిక్కిపోతున్నాను? ఇలా ఉంటే వేసవిలో చెలమ ఎవరు తవ్వుతారు?" అన్నాడు.

రవణమ్మ బాగా ఆలోచించింది. ఐదు రోజులపాటు భూమయ్యను వదలకుండా చూసింది. అతని కడుపుకు కావలసిన ప్రతి మోపుకూ ఒక గురిగింజ పక్కన పెట్టింది. అతను పనిలో ఉండగా వడ్రంగిపిట్ట కొట్టిన ప్రతి గంటకూ ఒక గులకరాయి పెట్టింది. ఐదో రోజు సాయంత్రం మామను పిలిచి చూపించింది. నూరు గురిగింజలు, ఇరవై గులకరాళ్లు ఉన్నాయి.

"నూరు మోపులా! నేను గంటకు తినేది అర మోపే!" అన్నాడు భూమయ్య.

"పనిలో ఉన్నప్పుడు అంతే. పని లేని గంటల్లో నీ కడుపు నిద్రపోతుందా మామా? రోజుకు ఇరవై మోపులు కావాలి. పని నాలుగు రోజులే దొరికింది, ఐదో రోజు ఒట్టి కాళ్లతో తిరిగొచ్చాం. ఆ రోజూ ఆకలేసింది కదా? ఈ నూరునూ నువ్వు పనిచేసిన ఆ ఇరవై గంటలే మోయాలి. గంటకు ఐదు మోపులు పడుతుంది. నువ్వు తీసుకునేది ఒకటి. మిగతాది వెతుక్కునే ఓపిక లేక సగం కడుపుతో పడుకుంటున్నావు. ఇది లాభం కాదు మామా, చేతిచమురు భాగవతం!"

భూమయ్య తొండంతో ఒక్కో రాయి పక్కకు ఐదేసి గింజలు జరిపి చూశాడు. "అయితే ఐదు అడగాలన్నమాట."

"ఆరు అడగాలి. నీ అరికాళ్లు చూసుకున్నావా? దంతం అంచు చూసుకున్నావా? పని నీకు తిండి పెడుతోంది సరే, నిన్ను కూడా కొంచెం కొంచెంగా తింటోంది. వేసవికి ముందు నెల రోజులు నువ్వు పని మానుకుని ఒళ్లు కూడదీసుకోవాలి. ఆ నెలకు దాచుకునేది ఆరో మోపు."

పిట్ట కొంచెం, కూత ఘనం అంటే ఇదే కాబోలు!

అడగడానికి భూమయ్యకు నోరు రాలేదు. మాను ఇంకా గుహ ముందే పడి ఉన్న గుబురయ్య దగ్గరికి వెళ్లి, తొండం అటూ ఇటూ తిప్పి, నేల గీకి, చివరికి చెప్పేశాడు.

"ఆరా! ఆశకు అంతుండాలి బావా! ఈ మాత్రం మాను నేను జరుపుకోలేనా?" అని గుబురయ్య మండిపడ్డాడు. మూడు రోజులు తోశాడు. మాను బెత్తెడు కదల్లేదు గానీ గుబురయ్య భుజం బెణికింది. నాలుగో రోజు కుంటుకుంటూ ఆరు మోపులు తెచ్చి పెట్టాడు. ఈసారి భూమయ్య ఒక్క గంటలో మానును లాగి అవతల పడేశాడు.

ముళ్లపంది రాయిని కదపడం మానేసి తనే కదలడం నేర్చుకుంది. అడవిలో అవసరమైన పనులే మిగిలాయి. ఖాళీ పూటల్లో భూమయ్య తీరిగ్గా మేశాడు, ఆరో మోపులను ఎండబెట్టి దాచాడు. చెప్పిన నెలంతా ఏ పనీ ఒప్పుకోలేదు. రవణమ్మ కాళ్ల కింద వీపు మళ్లీ మెత్తబడింది.

ఆ వేసవి ఎన్నడూ లేనంతగా మండింది. ఛాతీ లోతు తవ్వినా ఇసుక పొడిగానే ఉంది. నిరుటి భూమయ్య అయితే అక్కడే ఆగిపోయేవాడు. ఇప్పటి భూమయ్య ఇంకా తవ్వాడు. తల మునిగే లోతున నీళ్లు ఊరాయి.

గుబురయ్య ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. పిల్లల నాలుకలు పిడచకట్టుకుపోయాయి.

"బావా, ఎన్ని గంటలు తవ్వావో తెలీదు. నా దగ్గర ఒక్క మోపు కూడా లేదు" అన్నాడు తల దించుకుని.

భూమయ్య తొండంతో పిల్లలిద్దరినీ నీళ్ల దగ్గరికి దించాడు.

"నువ్వు ఎప్పుడో ఇచ్చేశావు గుబురయ్యా. నువ్వు తిట్టుకుంటూ ఇచ్చిన ఆరో మోపు ఇదే. ముందు పిల్లల్ని తాగనీ."

నీతి: పని చేసిన గంటకే కాదు, పని లేని గంటకూ అరిగిన ఒంటికీ లెక్క కట్టినప్పుడే అసలు ఖరీదు తెలుస్తుంది. చవకగా దొరికిందని ఒకరి సత్తువను అరగదీస్తే, అవసరానికి ఆ సత్తువ మిగలదు.