రూతమ్మ బండి పుట్టిన ఏడు

ఓబులేసుకు ఒక జబ్బు పట్టుకుంది. పాత మోటారు సైకిలు కంటపడితే చాలు, దాని వయసు చెప్పకుండా ఉండలేడు.

ఆ విద్య అతనికి ఊరికే రాలేదు. బేతంచెర్ల నుంచి కర్నూలు వచ్చి, పీరా ఉస్తాద్ దగ్గర చేరి, ఏళ్ల తరబడి బండ్ల కింద పడుకుని నేర్చుకున్నాడు. హ్యాండిల్ కింద, బండి మెడ మీద కంపెనీవాళ్లు కొట్టిన ఛాసిస్ నెంబరు ఉంటుంది. ఇంజన్ పక్కన ఇంకో నెంబరు ఉంటుంది. ఆ రెండింటినీ గుడ్డతో తుడిచి చూస్తే ఓబులేసుకు ఏ ఏటి బండో తెలిసిపోయేది. ఏ ఏడు అంకెలు సన్నగా కొట్టారో, ఏ ఏడు లావుగా కొట్టారో, ఏ అక్షరం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిపోయిందో అంతా నోటికి వచ్చు.

ఉస్తాద్ షెడ్డు పాతబస్తీలో, తుంగభద్ర వైపు దిగే సందులో ఉంది. ఆయన పాత డుగుడుగు బండ్లు తప్ప వేరేవి ముట్టడు. బెంగుళూరు నుంచి, హైదరాబాదు నుంచి కూడా మనుషులు బండ్లు వేసుకొచ్చి ఆయన చేతికి అప్పగించిపోతారు. మాట తక్కువ మనిషి. ఇంజన్ స్టార్ట్ చేసి, కళ్లు మూసుకుని, తల కాస్త పక్కకు వంచి వింటాడు. ఎక్కడ తప్పు ఉందో అక్కడికే చెయ్యి పోతుంది. ఆ చెయ్యి పోయే తీరు చూసే ఓబులేసు ఆయన శిష్యుడయ్యాడు.

ఆ మధ్య ఒకాయన కొనబోతున్న బండిని తీసుకొచ్చి చూపిస్తే, దాని నెంబరు అరగదీసి మళ్లీ కొట్టారని ఓబులేసు వేలితో తడిమి కనిపెట్టాడు. ఉస్తాద్ తానూ తడిమి చూసి, బాగుంది, అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. ఓబులేసు పేరు నాలుగు ఊళ్లకు పాకింది. అప్పటి నుంచి అతను బండిని చూశాక మనిషిని చూడడం మానేశాడు.

ఒక రోజు పొద్దున సందులోకి చిన్న ట్రాలీ వచ్చింది. దాని మీద టార్పాలిన్ కప్పిన బండి. ముందు సీట్లో తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ. పేరు రూతమ్మ. నంద్యాలలో నర్సుగా చేసి రిటైరైంది. బండి వాళ్లాయన దేవసహాయంగారిది. ఆయన టెలిఫోన్ లైన్ ఇన్‌స్పెక్టరుగా ఉండేవాడు. ఆయన పోయాక ఆ బండిని వరండాలో నిలబెట్టి కప్పేశారు. కాగితాలు ఎప్పుడో వాన నీళ్లకు నానిపోయాయట.

"మళ్లీ ఒకసారి దాని చప్పుడు వినాలని ఉంది తమ్ముడూ. నడిచేటట్టు చేసిపెట్టు," అంది ఉస్తాద్‌తో.

ఉస్తాద్ ఆమెను నీడలో కుర్చీ వేసి కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. ఆమె కూర్చోలేదు. బండి సీటు మీద చెయ్యి వేసి నిలబడే మాట్లాడింది. అరవై ఆరులో వాళ్ల పెళ్లయిందని, పెళ్లయిన కొత్తలోనే ఆయన ఈ బండి కొన్నాడని, కొన్న రోజు ఇంటికి కూడా పోకుండా నేరుగా ఆసుపత్రి గేటు దగ్గరికి తీసుకొచ్చి ఆమె డ్యూటీ దిగేదాకా ఎండలో నిలబడ్డాడని చెప్పింది.

"నేను బయటికి రాగానే ఏమన్నాడో తెలుసా? వెనక సీటు మీద నీకంటే ముందు ఎవరూ కూర్చోలేదు రూతూ, అన్నాడు. దారిలో ఇద్దరు ముగ్గురు లిఫ్టు అడిగితే ఎక్కించుకోలేదంట."

చెబుతూ నవ్వింది. ఉస్తాద్ కూడా నవ్వాడు.

ఓబులేసు అప్పటికే బండి మెడ దగ్గర వంగి గుడ్డతో తుడుస్తున్నాడు. అంకెలు తేలగానే అలవాటు కొద్దీ మాట వచ్చేసింది.

"ఇది అరవై ఆరుది కాదమ్మా. అరవై నాలుగుది."

ఆమెకు అర్థం కాలేదు. ఓబులేసు విడమరిచి చెప్పాడు. ఈ నెంబరు అరవై నాలుగులో కొట్టింది, అంటే మీకు రాకముందు రెండేళ్లు ఎవరో తోలి ఉంటారు, పాత బండికి రంగు వేసి కొత్తదని చెప్పుకోవడం అప్పట్లో మామూలే, అన్నాడు.

"కాదు నాయనా, కొత్తదే," అంది ఆమె.

"మనుషులు ఏమైనా చెప్తారు. నెంబరు అబద్ధం చెప్పదమ్మా."

రూతమ్మ సీటు మీద నుంచి చెయ్యి తీసేసింది. టీ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. ట్రాలీ అతను బండి దించి వెళ్లిపోయాక, చూసి పెట్టండి, అని ఒక్క మాట అనేసి ఆమె బయలుదేరింది. ఉస్తాద్ ఆమె వెంట రోడ్డు దాకా నడిచాడు. ఎంత పెద్ద మనిషి వచ్చినా షెడ్డు గడప దాటని ఆయన, ఆమెను నంద్యాల బస్సు ఎక్కించి వచ్చాడు.

వచ్చాక తిడతాడేమో అనుకున్నాడు ఓబులేసు. ఉస్తాద్ బండి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"రెండేళ్లు ఎవరో తోలారన్నావు. ఎవరు?"

"అది నాకెట్లా తెలుస్తుంది ఉస్తాద్?"

"తెలియకుండానే అన్నావు. ఇప్పుడు వెతుకు."

లోపలికి పోయి ఉతికిన దుప్పటి ఒకటి తెచ్చి నేల మీద పరిచాడు. ఎట్లాగూ విప్పాల్సిన బండే కాబట్టి ఒక్కో భాగం విప్పి, కడిగి, దాని మీద ఏ తేదీ ఉంటే ఆ వరసలో దుప్పటి మీద పెట్టమన్నాడు.

ఓబులేసు పనిలో దిగాడు. నెంబరు మీద అతనికి నమ్మకం సడలలేదు. ఇంజన్ విప్పితే లోపలి వైపు పోతపోసినవాళ్ల గుర్తు కనబడింది. అది అరవై నాలుగు చివరిది. చూశారా ఉస్తాద్, అన్నట్టు చూశాడు. ఉస్తాద్ తల ఊపాడు.

మర్నాడు డైనమో విప్పాడు. మూత లోపల అరవై ఐదు అని ఉంది.

"తర్వాత మార్చి ఉంటారు," అన్నాడు ఓబులేసు.

"అయ్యుండొచ్చు," అన్నాడు ఉస్తాద్.

ముందు చక్రం రిమ్ము తుప్పు తుడిస్తే అరవై ఐదు. వెనక చక్రమూ అంతే. ఓబులేసు రెండో రిమ్మును దుప్పటి మీద మొదటిదాని పక్కన పెట్టి చూశాడు. పడితే ఒక చక్రం వంగుతుంది. రెండు చక్రాలూ, డైనమో కలిసి ఒకే ఏడు పాడవుతాయా? ఈసారి ఉస్తాద్ అడక్కుండానే ఆ ప్రశ్న అతనికి వినబడింది.

ఇక మిగిలింది స్పీడోమీటరు. దాని తేదీ వెనక వైపు ఉంటుంది. ఓబులేసు స్పానరు తీయబోతే ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టాడు. పళ్ల డాక్టర్లు నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం ఒకటి ఆయన పెట్టెలో ఉంటుంది. అది తీసిచ్చాడు.

అద్దంలో అంకెలు తిరగబడి కనిపించాయి. ఓబులేసు రెండుసార్లు చదువుకున్నాడు. జనవరి, అరవై ఆరు.

"ఇదీ తర్వాత మార్చిందేనా?" అని అడిగాడు ఉస్తాద్.

ఓబులేసు తెలియదన్నాడు. ఆ మాట అనడం అతనికి ఆ షెడ్డులో కొత్తగా అనిపించింది. ఉస్తాద్ అతని చెయ్యి పట్టుకుని, చూపుడువేలిని స్పీడోమీటరు వెనక బిగించిన నట్టు మీద పెట్టాడు.

"ఏం తగులుతోంది?"

"అంచులు."

"ఎట్లున్నాయి?"

"పదునుగా ఉన్నాయి ఉస్తాద్. స్పానరు పడి అరిగినట్టు లేదు."

"ఇంకా?"

ఓబులేసు మళ్లీ అద్దం పెట్టి చూశాడు. నట్టు మీద సగం, బండి ఇనుము మీద సగం, పసుపు రంగు చుక్క ఒకటి ఉంది. బిగించడం అయిందని గుర్తుకు కంపెనీలో పెట్టే చుక్క అది. నట్టు ఒక్క పిసరు తిరిగినా ఆ చుక్క రెండుగా చీలుతుంది. అది చీలలేదు. ఇన్నేళ్ల దుమ్ము కింద నిండుగా, గుండ్రంగా ఉంది.

అరవై ఆరు జనవరిలో తయారైన స్పీడోమీటరును కంపెనీవాళ్లే బిగించారంటే, అంతకుముందు ఈ బండి కంపెనీ గేటు దాటలేదు. మెడ మీద నెంబరు కొట్టిన ఇనుము అరవై నాలుగు నుంచి ఏదో గోడౌన్లో ఒంటరిగా పడి ఉండి, తక్కిన భాగాలన్నీ చేరాక రెండేళ్లకు బండి అయింది. ఓబులేసు దుప్పటి వైపు చూశాడు. మొదటి నుంచి చివరి దాకా అన్నీ వరసగా ఉన్నాయి. ఏదీ అబద్ధం చెప్పలేదు. అరవై నాలుగు నిజమే. అరవై ఆరూ నిజమే.

"ఇనుముకు నెంబరు కొట్టారు. బండి ఎప్పుడైందో నువ్వు అడగలేదు," అన్నాడు ఉస్తాద్.

ఓబులేసు ఫోను తీశాడు. ఉస్తాద్ వద్దన్నాడు.

"ఆమె ముఖం మీదే అన్నావు. ముఖం చూసే చెప్పు."

చేతుల గ్రీజు సరిగ్గా కడుక్కోకుండానే ఓబులేసు బస్సెక్కాడు. ఓర్వకల్లు, పాణ్యం దాటి నంద్యాల చేరేదాకా ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కున్నాడు. తలుపు తీసిన రూతమ్మను చూడగానే అవన్నీ మరిచిపోయి, అమ్మా, నేను తప్పు చెప్పాను, అని మొదలుపెట్టాడు. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పాడు. నట్టు గురించి, పసుపు చుక్క గురించి, అద్దం గురించి. ఆఖరికి, మీకంటే ముందు దాని మీద ఎవరూ కూర్చోలేదమ్మా, అన్నాడు.

ఆమె లోపలికి రమ్మంది. గదిలో గోడకు ఒక ఫొటో ఉంది. ముఖం గోడవైపు తిప్పి ఉంది. వెనక అట్ట మాత్రం కనబడుతోంది.

"కర్నూలు నుంచి రాగానే తిప్పేశాను," అంది. "బండి పాతదైతే ఏం నాయనా. పాతదని చెప్పినా ఎక్కేదాన్నే. కానీ ఒక్క అబద్ధం ఉందంటే ఇంకా ఎన్ని ఉన్నాయో అని, రాత్రంతా ఆయన అన్న మాటలన్నీ ఒకటొకటే తీసి చూస్తా కూర్చున్నా."

ఆమె ఫొటో తిప్పింది. మీసకట్టు, కళ్లజోడు, టెలిఫోన్ డిపార్టుమెంటు చొక్కా వేసుకున్న మనిషి. కొంగుతో అద్దం తుడిచి, సారీ అండీ, అంది ఫొటోలోని ఆయనతో. తర్వాత ఓబులేసుకు అన్నం పెట్టింది. తినేటప్పుడు నట్టు సంగతి మళ్లీ అడగలేదు. బండి ఎప్పటికి నడుస్తుంది, అని మాత్రం అడిగింది.

బండి బాగైన రోజు ఆమె షెడ్డుకు వచ్చింది. ఉస్తాద్ తానే కిక్కు కొట్టాడు. ఇంజన్ దగ్గి, తడబడి, అందుకుంది. ఆ చప్పుడుకు రూతమ్మ కళ్లు మూసుకుంది. తల కాస్త పక్కకు వంచి, ఉస్తాద్ విన్నట్టే వింది. ఓబులేసు ఆమెను వెనక కూర్చోబెట్టుకుని నది గట్టు దాకా తీసుకెళ్లి తెచ్చాడు. దిగాక సీటు మీద చెయ్యి వేసి, వెచ్చగా ఉంది, అంది.

బండితో పాటు ఆమెను సాగనంపి వచ్చి ఇద్దరూ షెడ్డులో కూర్చున్నారు. ఓబులేసుకు నంద్యాల బస్సులోనే పుట్టిన ఒక సందేహం ఇంకా లోపల ఉంది. ఇన్నాళ్లూ అడగడానికి ధైర్యం చాలలేదు.

"ఉస్తాద్, ఆ చుక్క చీలి ఉంటే? నేనన్నట్టే అది నిజంగా పాత బండే అయ్యుంటే, మీరు ఆమెకు ఏం చెప్పేవారు?"

ఉస్తాద్ చిన్న అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు.

"ఆమె మనల్ని ఏ ఏటిదని అడగలేదు ఓబులేసూ," అన్నాడు. "బండి బాగుచెయ్యమంది."