పెదవులు మాత్రమే కదిపినవాడు

మౌలాలి రాసిన అలిఫ్‌ను పీర్ సాహెబ్ తన గదిలో గోడకు అంటించుకున్నారు. ఆ రోజు నుంచి జిలానీకి అన్నం సయించడం మానేసింది.

అలిఫ్ అంటే ఏముంది, నిలువుగా ఒక గీత. అరబ్బీ నేర్చుకునే పిల్లలు మొట్టమొదట రాసే అక్షరం. మౌలాలి దాన్ని కూడా నిలబెట్టలేకపోయాడు. అది గాలికి ఒరిగిన జొన్నదంటులా ఉంది. పెన్న ఒడ్డున ఉన్న ఆ ఖాన్‌ఖాలో, ఆ సూఫీల మఠంలో, రాతకు జిలానీని మించినవాడు లేడు. అతను రాసిన దువాలు నవాబుగారి కొలువు దాకా వెళ్ళాయి. పీర్ సాహెబ్‌కు ఇచ్చినవి మాత్రం బట్టలో చుట్టి, ఎక్కడో పెట్టె అడుగున ఉన్నాయి. గోడ మీద ఉన్నది ఆ ఒరిగిపోయిన గీత.

దీనికంతటికీ కారణం ఆ ఖాన్‌ఖాలో ఉన్న ఒక నియమం. పీర్ సాహెబ్ కరీముల్లా షా గారి గురువు పెట్టింది. ఎవరు ఏ విద్యలో ఉన్నా సరే, వానాకాలమంతా రోజూ ఒక పూట తనది కాని విద్య దగ్గర కూర్చోవాలి. తప్పించుకోవడానికి లేదు. ఆ ఏడు రాతగాడు జిలానీకి పాట పడింది, పాటగాడు మౌలాలికి రాత పడింది. పొద్దున మౌలాలి వచ్చి జిలానీ ముందు పలక పట్టుకుని కూర్చునేవాడు. సాయంత్రం జిలానీ వెళ్ళి మౌలాలి ముందు చప్పట్లు కొట్టుకుంటూ కూర్చోవాలి. ఇద్దరిదీ ఒకటే ఈడు. ఒకే ఏడు ఖాన్‌ఖాకు వచ్చారు. పొద్దున ఉస్తాద్ అనిపించుకున్నవాడు సాయంత్రం అదే మనిషిని ఉస్తాద్ అనాలంటే నాలుక తిరగడం కష్టమే.

ఒకరోజు జిలానీ ఉండబట్టలేక పీర్ సాహెబ్ గదికి వెళ్ళాడు. ఆయన సీతాఫలం ఒలుస్తున్నారు.

"హజ్రత్, కలం పట్టేవాడికి పాటెందుకు? ఆ పూట కూడా కలమే పట్టుకుంటే ఇంకో నాలుగు పుటలు రాస్తా గదా."

"రాస్తావు," అన్నారు పీర్ సాహెబ్. పండులో సగం అతని చేతిలో పెట్టారు.

జిలానీ పండు తినలేదు. చూపు గోడ మీదికి పోయింది. అడగకూడదనుకుంటూనే అడిగేశాడు.

"ఆ వంకర గీతను అంటించుకున్నారు. నావి ఒక్కటన్నా అంటించుకోలేదు."

"నీ వంకరది నా దగ్గర ఒక్కటీ లేదే నాయనా," అన్నారాయన, గింజలు ఏరుకుంటూ.

జవాబు అర్థం కాకపోగా పుండు మీద కారం చల్లినట్టయింది. వంకరగా రాస్తేనే గౌరవమైతే ఇన్నేళ్ళు చెయ్యి అరగదీసుకున్నది ఎందుకు? దారిలో ఆ సగం పండును మేక ముందు పడేసి పోయాడు.

ఇంతకూ అసలు బాధ వేరే ఉంది. ఏటికి అవతల ఊరివాళ్ళు పిల్లల కోసం ఒక బడి కట్టుకున్నారు. చదువు చెప్పడానికి ఒక ఉస్తాద్‌ను పంపమని పీర్ సాహెబ్‌ను అడిగారు. వానలు తగ్గి ఏరు దాటించే పుట్టి తిరగడం మొదలుకాగానే ఒకరిని పంపుతానని ఆయన మాటిచ్చారు. ఆ ఒకరు తానేనని జిలానీ ఎప్పుడో నిశ్చయించుకున్నాడు. అక్కడ తన బడి, తన పిల్లలు, తన చేతి రాత. ఆ ఊరి మసీదు గోడ మీద ఏ వాక్యం రాయాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ చోటికి మౌలాలి అడ్డు వస్తాడేమోనని భయం పట్టుకుంది.

భయం ఊరికే పట్టుకోలేదు. రాత నేర్చుకునే పిల్లలు మౌలాలి పక్కనే చేరుతున్నారు. జిలానీ ముందు వాళ్ళు బిగుసుకుని కూర్చునేవాళ్ళు. తప్పు రాసినవాడు పలకను మోచేత్తో కప్పుకునేవాడు, లేదా ఉస్తాద్ చూసేలోపు ఉమ్మి తుడిచేసేవాడు. మౌలాలి వచ్చాక వరస మారింది. అంత గడ్డం ఉన్న మనిషి తమకంటే అన్యాయంగా రాస్తుంటే వాళ్ళకు పండగ. ఒకరి పలక ఒకరికి చూపించుకుని కిలకిల నవ్వేవాళ్ళు.

"నాదే వంకర!"

"లేదు, మౌలాలి మామది ఇంకా వంకర!"

"పందెం వేద్దామా? రేపు ఇంతకంటే వంకరగా రాస్తా చూడు," అనేవాడు మౌలాలి.

జిలానీ కలం చెక్కుకుంటూ తల ఎత్తేవాడు కాదు. అరికాలి మంట నెత్తికెక్కేది. వీడు రాత నేర్చుకోవడానికి వచ్చాడా, నా పిల్లల్ని ఎత్తుకుపోవడానికి వచ్చాడా? ఆ నవ్వులన్నీ తనవి కావలసినవేనని, తన ముందే వాటిని దోచుకుపోతున్నాడని అనిపించేది. పైగా మౌలాలి ప్రతి తప్పునూ దాచుకోకుండా తెచ్చి చూపించేవాడు. "ఉస్తాద్, ఇది మళ్ళీ పడిపోయింది, ఏం చేయాల?" అనేవాడు. దాంట్లో ఎగతాళి ఉందేమోనని జిలానీ ఎంత వెతికినా దొరికేది కాదు. అది ఇంకా మండించేది.

ఇక సాయంత్రం సంగతి. అసర్ నమాజు అయ్యాక పాడేవాళ్ళంతా వరండాలో రెండు వరసలుగా కూర్చునేవాళ్ళు. ముందు మౌలాలి ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. జిలానీ వెనక వరసలో స్తంభం పక్కన చోటు చూసుకున్నాడు. మొదటి రోజు ఒక్క చరణం అందుకున్నాడు. తన గొంతు తనకే ఎండిన తోలులా వినిపించింది. పక్కవాడు మర్యాదకు అటు తిరిగాడు. అంతే. మళ్ళీ జిలానీ నోట పాట వచ్చింది లేదు.

అలాగని నోరు మూసుకోలేదు. చప్పట్లు తాళం తప్పకుండా కొట్టేవాడు, మాటలన్నీ కంఠతా పట్టాడు, పెదవులు అందరితో పాటు కదిపేవాడు. తల ఊపేవాడు. పై స్థాయి వచ్చినప్పుడు కళ్ళు కూడా మూసుకునేవాడు. గొంతు మాత్రం బయట పెట్టేవాడు కాదు. వానాకాలం అంతా అలాగే గడిపేశాడు, ఎవరికీ తెలియలేదని లోపల కొంచెం మురిసిపోయాడు కూడా. నియమం నియమంగా జరిగింది, పరువు పరువుగా దక్కింది.

వానలు వెనకబట్టాయి. పుట్టివాడు గట్టు మీద పుట్టికి కొత్త తోలు కడుతున్నాడని తెలిసింది. ఆ సాయంత్రం పీర్ సాహెబ్ కర్ర పట్టుకుని వరండాలోకి వచ్చారు. పిల్లలు కూడా ఆయన వెనకే వచ్చి మెట్ల మీద కూర్చున్నారు.

"పాడండి నాయనా," అన్నారాయన.

మౌలాలి ఎత్తుకున్నాడు. అందరూ అందుకున్నారు. వరండా నిండిపోయింది. జిలానీ ఆ రోజు మరీ శ్రద్ధగా పెదవులు కదిపాడు, గురువు చూస్తున్నారు గదా.

పీర్ సాహెబ్ వరసల మధ్య మెల్లగా నడిచారు. మౌలాలి దగ్గర ఆగి భుజం మీద చెయ్యి వేశారు. మౌలాలి ఆపేశాడు. ఆ పక్కవాడి భుజం తట్టారు. వాడూ ఆపాడు. అలా ఒక్కొక్కరినీ తాకుతూ వస్తుంటే పాట పలచబడుతూ వచ్చింది. మొదటి వరస అయిపోయింది. పీర్ సాహెబ్ వెనక వరసకు తిరిగారు. జిలానీ పక్కవాడు కూడా ఆగాడు.

ఇక మిగిలింది జిలానీ ఒక్కడే. చేతులు చప్పట్లు కొడుతున్నాయి, పెదవులు కదులుతున్నాయి. పాట లేదు.

చప్పట్లు కూడా ఆగిపోయాయి. మెట్ల మీద పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. జిలానీ ముందుగా మౌలాలి వంక చూశాడు. వాడు నవ్వుతుంటాడని, ఇక జీవితాంతం ఆ నవ్వు మోయాలని అనుకున్నాడు. మౌలాలి తల దించుకుని చాప పీచు లాగుతున్నాడు.

పీర్ సాహెబ్ కర్ర పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని కష్టంగా కిందికి దిగి, జిలానీకి ఎదురుగా చాప మీద కూర్చున్నారు. చప్పట్లకు రెండు చేతులూ ఎత్తి పట్టుకున్నారు.

"ఎత్తుకో."

జిలానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు రాదు హజ్రత్."

"తెలుసు నాయనా. ఎత్తుకో."

ఎత్తుకున్నాడు. మొదటి మాటకే గొంతు పగిలింది. రెండో మాట ఎక్కడికో పోయింది. మెట్ల మీద ఒక పిల్ల ఫక్కున నవ్వింది, ఆ వెనకే అందరూ నవ్వారు. పీర్ సాహెబ్ చప్పట్లు ఆపలేదు, తొందర పెట్టలేదు. జిలానీ పాడుతూనే ఉన్నాడు. చరణం మధ్యలో భయానికి మాట మరిచిపోతే, తల ఎత్తకుండానే మౌలాలి ఆ మాటను మెల్లగా అందించాడు. దాన్ని పట్టుకుని చివరిదాకా పోయాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది.

పాట అయ్యాక పీర్ సాహెబ్ అతని భుజం ఆసరా చేసుకుని లేచారు. లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రికి ఈర్ష్య పోయిందని చెబితే అబద్ధమవుతుంది. మర్నాడు పొద్దున పాఠం దగ్గర పిల్లలు మౌలాలి చుట్టూ చేరితే జిలానీకి మళ్ళీ చురుక్కుమంది. సిగ్గుతో ఎవరి మొహమూ చూడలేక సిరా కలుపుతూ కూర్చున్నాడు.

ఎవరో వచ్చి ఎదురుగా నిలబడ్డారు. తల ఎత్తితే నిన్న మెట్ల మీద మొదట నవ్విన పిల్ల, ఫాతిమాబీ. ఎప్పుడూ మోచేత్తో పలక కప్పుకునేది. ఇప్పుడు ఆ పలకను రెండు చేతులతో అతని మొహం ముందు పెట్టింది. దాని మీద ఐన్ అక్షరం నలిగిన పురుగులా ఉంది.

"ఉస్తాద్, ఇది నాకు రావడం ల్యా."

ఆ మాట అతనితో ఆ గదిలో ఇంతవరకు ఏ పిల్లా అనలేదు. జిలానీ ఒక్క క్షణం ఆమె వంక చూసి, తన చాప మీద పక్కకు జరిగి చోటు ఇచ్చాడు. పిల్ల కూర్చుంది.

గుమ్మంలో కర్ర చప్పుడైంది. పీర్ సాహెబ్ లోపలికి రాలేదు, అక్కడి నుంచే అడిగారు.

"పుట్టి సిద్ధమైందంట జిలానీ. అవతలి బడికి ఎప్పుడు పోతావు?"

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే బతికినవాడు, పిల్ల చేతిని కలంతో సహా తన చేతిలోకి తీసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఈ అక్షరం కానీయండి హజ్రత్."