తిరుగుటపా విమానం

అనగనగా ఒక అడవి, ఆ అడవికో విమానాశ్రయం. నవ్వకండి. పెద్దదేం కాదు. కుందేళ్ళు గడ్డి మేసి చదును చేసిన మైదానం, ఒక రేకుల షెడ్డు, అందులో ఇద్దరు పట్టే బుల్లి విమానం. దాన్ని నడిపేది చెంగల్రాయుడనే ముంగిస. అతను మీసాలు దువ్వుకునేలోపు మనం రెండు పూటల భోజనం చేసి రావచ్చు.

ఆ మైదానానికి పెద్ద కొంగ తాత. ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. విమానం ఎక్కే ముందు పైలెట్టు ఎదురుగా ఉన్న కొండల్ని చూస్తూ గట్టిగా లెక్కపెట్టాలి. తోక కొండ, మూపురం కొండ, ముక్కు కొండ. పడుకున్న ఎద్దులా ఉంటాయి. మూడూ కనిపిస్తే ఎగరొచ్చు. రెండే కనిపిస్తే కూర్చోవాలి. ఒకటే కనిపిస్తే ఇంటికెళ్ళి పడుకోవాలి. ఎందుకంటే ఆ విమానాన్ని దారి కళ్ళతో చూసుకుంటూ నడపాల్సిందే. మబ్బులో నడిపే విద్య చెంగల్రాయుడికి రాదు. అది నేర్పడానికి గబ్బిలం మాస్టారు వచ్చినప్పుడు క్లాసులో మీసాలు దువ్వుకున్నాడు.

షెడ్డు మీద కూర్చునే కోతులకు ఇంకో ఆచారం ఉంది. బయలుదేరిన విమానం మధ్యలో తిరిగొస్తే, "తిరుగుటపా వచ్చిందహో" అని తోకలు ఊపుతూ అరుస్తాయి. పోయినేడు అడవిపంది పైలెట్టును అలాగే ఏడిపించాయి. పాపం, అతను ఉద్యోగం మానేసి దుంపలు తవ్వుకుంటున్నాడు. చెంగల్రాయుడికి పులంటే కూడా అంత భయం లేదు, ఆ పేరంటేనే భయం.

ఒకరోజు మధ్యాహ్నం వరహాలమ్మ అనే తాబేలు వచ్చింది.

"నాయనా, కొండల అవతల చెరువుగట్టున మా అమ్మాయి గుడ్లు పెట్టింది. రేపో ఎల్లుండో పిల్లలు బయటికొస్తారు. వచ్చీ రాగానే నీళ్ళలోకి పరిగెడతారు. ఆ తరవాత ఎవరు మన మనవలో, ఎవరు పక్కింటివాళ్ళో ఎలా తెలుస్తుంది? ఒక్కసారి వాళ్ళ మొహాలు చూస్తే చాలు. నడిచి వెళ్తే నాకు నెల పడుతుంది."

"పిన్నీ, అరగంటలో దింపుతాను. ఎక్కు," అన్నాడు చెంగల్రాయుడు.

"ముందు కొండలు లెక్కపెట్టరా," అన్నాడు కొంగ తాత.

చెంగల్రాయుడు అద్దంలో మీసం చూసుకుంటూ, కొండలకు వీపు పెట్టి, "ఒకటి, రెండు, మూడు," అన్నాడు.

"అటు తిరిగి లెక్కపెట్టు."

"రోజూ చూసే కొండలే కదా తాతా. ఎక్కడికి పోతాయి?"

నిజానికి ఆ పూట రెండే కనిపిస్తున్నాయి. ముక్కు కొండ మీద నల్లగా మబ్బు కూర్చుంది. తాత ఏదో అనబోయేలోపు విమానం బుర్రుమంది.

తోక కొండ దగ్గరికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. కొండ తల కనిపించడం లేదు.

"అబ్బాయ్, వెనక్కి పోదామా?" అంది వరహాలమ్మ.

"కొండ టోపీ పెట్టుకుంది పిన్నీ. మనం కాస్త కిందగా పోదాం."

మూపురం కొండ దగ్గర మబ్బు ఇంకా దిగింది. కొండకు పాదాలు తప్ప ఏమీ మిగల్లేదు.

"అబ్బాయ్, మనవల్ని ఇంకోసారి చూస్తాలే. వెనక్కి పోదాం."

చెంగల్రాయుడి చెవిలో కోతుల అరుపు మోగింది. "కొండ దుప్పటి కప్పుకుంది పిన్నీ. ఇంకాస్త కిందగా పోదాం."

ముక్కు కొండ అసలు కనిపించనే లేదు.

"చూశావా, ఇప్పుడు అడ్డమే లేదు," అన్నాడు చెంగల్రాయుడు.

"కొండ ఎక్కడికీ పోలేదు నాయనా. నా భయమూ అదే," అంది వరహాలమ్మ.

అంతలో ముందూ వెనకా పైనా కిందా తెల్లగా అయిపోయింది. విమానం తిన్నగానే పోతోందని చెంగల్రాయుడి ఒళ్ళు చెప్పింది. ఎదురుగా ఉన్న మీటర్ల ముళ్ళు మాత్రం, పక్కకి ఒరిగిపోయావు, కిందికి జారుతున్నావు అని చెప్పాయి. అతను ఒంటి మాటే నమ్మాడు. మబ్బులో ఒంటిని కాదు, ముళ్ళనే నమ్మాలని గబ్బిలం మాస్టారు ఆ రోజు క్లాసులో చెప్పింది సరిగ్గా దీని గురించే.

"అబ్బాయ్, ఇంజను గొంతు పెరిగిందేం?" అని అడిగి వరహాలమ్మ డొప్పలోకి దూరిపోయింది. ఆ సౌకర్యం విమానంలో ఆవిడ ఒక్కదానికే ఉంది.

విమానం మబ్బు అడుగు నుంచి జారి బయటపడింది. చూస్తే అడవి కింద లేదు, కిటికీ పక్కనే ఉంది. చెంగల్రాయుడు కళ్ళనీళ్ళతో, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విమానాన్ని సరిచేశాడు. కల్లు తీసే ఒక జీలుగు చెట్టు కొస చక్రాలకు బర్రున రాసుకుంది. తరవాత కింద వాగు కనిపించింది. మారు మాట్లాడకుండా వాగు వెంటే వెనక్కి తిరిగాడు.

మైదానంలో దిగగానే కోతులు సిద్ధం. "తిరుగుటపా వచ్చిందహో."

చెంగల్రాయుడు మీసం సర్దుకున్నాడు. "తిరుగుటపా ఏంటి? మబ్బుల పైన షికారు చేసొచ్చాం. చెట్లు చీమల్లా కనిపించాయి."

ఆ గొప్పలు సాయంత్రం దాకా సాగాయి. విమానం వెంటపడిన ఎలుగుబంటి అప్పన్న అప్పుడు ఆయాసపడుతూ వచ్చాడు. విమానం చుట్టూ తిరిగి, వంగి, చక్రం పైకడ్డీకి చిక్కుకున్న మట్టికుండను విప్పుకున్నాడు.

"నీరా కోసం చెట్టు కొసకి కట్టుకున్న కుండ ఇది. నేను చెట్టు మీద ఉండగానే పట్టుకుపోయావు. మబ్బుల పైన నా చెట్టు ఎప్పుడు మొలిచిందయ్యా?" అన్నాడు.

కోతులు రేకుల మీద పడి దొర్లాయి. చెంగల్రాయుడు సిగ్గుతో నేల చూశాడు. అప్పుడు వరహాలమ్మ నెమ్మదిగా తల బయట పెట్టింది.

"నవ్వండి నాయనా, బాగా నవ్వండి. తిరిగొచ్చాం కాబట్టి నవ్వుతున్నారు. రాకపోయి ఉంటే ఇప్పుడు మీరు అదే రేకుల మీద కూర్చుని ఏడుస్తూ ఉండేవాళ్ళు."

కోతుల నవ్వు ఆగిపోయింది. ఒక పిల్లకోతి నిజంగానే ముక్కు చీదింది.

వాన మర్నాడంతా కురిసింది. ఆ మర్నాడు పొద్దున చెంగల్రాయుడు కొండలకు ఎదురుగా నిలబడి, మీసం ముట్టుకోకుండా, వేలు పెట్టి చూపిస్తూ మూడూ లెక్కపెట్టాడు. అరగంటలో చెరువుగట్టున దిగారు. పిల్లలందరూ అప్పటికే నీళ్ళలోకి పోయారు. వరహాలమ్మ మొహం చిన్నబోయింది. ఇంతలో ఇసకలో ఒక్క గుడ్డు కదిలింది. పెంకు పగిలింది. బుల్లి తల బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, మళ్ళీ లోపలికి పోయి, కాసేపాగి మళ్ళీ వచ్చింది.

"అమ్మయ్య, మా వంశంలో ఒక్కడికైనా ముందు చూసుకుని అడుగేసే బుద్ధి పుట్టింది," అని వరహాలమ్మ ఆనందంతో కళ్ళు తుడుచుకుంది.

ఆ తరవాత చెంగల్రాయుడు చాలాసార్లు దారి మధ్యలోంచి వెనక్కొచ్చాడు. కోతులు నోరు తెరిచేలోపే కిటికీలోంచి తల బయటపెట్టి, "తిరుగుటపా వచ్చిందహో," అని తనే అరిచేవాడు. ఇప్పుడు ఆ విమానం తోక మీద అదే పేరు ఎర్ర రంగుతో రాసి ఉంటుంది.

నీతి: దారి కనిపించనప్పుడు వెనక్కి తిరగడానికి సిగ్గుపడకూడదు. ఎగతాళి నాలుగు రోజుల్లో పోతుంది, ప్రాణం పోతే మళ్ళీ రాదు.